పొయ్యి లేనివారికి బియ్యము

అన్నదానమును మించిన దానము లేదని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి లంకలలో వేళగాని వేళ వచ్చిన బాటసారికిని వండి వడ్డించినది గనుకనే ఆమె పేరు నేటికిని నిలిచియున్నది. ఆమె బియ్యము కొలిచి యిచ్చి పంపలేదు. విస్తరి వేసి అన్నము పెట్టినది. బియ్యమునకును అన్నమునకును గల యీ భేదమును మన పెద్దలు ఎరుగుదురు. నేటి చట్టము మరచినది.

బేగంపేట వంటి చోట ఈ భేదము స్పష్టముగా తెలియును. ఒకవైపు రైలు స్టేషను, మరొకవైపు వంతెన, నడుమ పెద్ద హోటళ్లు, ఆసుపత్రులు. అట్టిచోట కాలిబాటపై నడుము వాల్చు కూలివానికి రేషను కార్డు ఉన్నదనియే అనుకొందము. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన పథకము క్రింద తెలంగాణలో కార్డుగల కుటుంబమున మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చుచున్నారు. మంచి పథకమే. కాని ఆ బియ్యమును అతడెక్కడ దాచును? ఏ గిన్నెలో, ఏ పొయ్యిమీద వండును? వానకు తడియక, దొంగలపాలు గాక మిగిలినను, అవి అతనికి అమ్ముకొనుటకే గాని తినుటకు పనికిరావు.

ఈ సంగతి పాలకులకు తెలియనిది కాదు. 2011లో పార్లమెంటున ప్రవేశపెట్టిన ఆహార భద్రత బిల్లులో, దిక్కులేనివారికి రోజునకొక పూట ఉచిత భోజనము, ఇల్లులేనివారికి సామూహిక వంటశాలలలో సరసమైన ధరకు భోజనము అను నిబంధనలుండెను. 2013లో బిల్లు చట్టమగునాటికి అవి తొలగిపోయినవి. బడిపిల్లలకు వండిన అన్నము హక్కుగా నిలిచినది. ఇల్లులేనివారికి గింజలే మిగిలినవి. 2011 జనాభా లెక్కలలో అట్టివారు దేశమున 17 లక్షలకు పైగా తేలిరి.

గింజలకును భోజనమునకును గల తేడాను ఉపాధ్యాయులు తమ బడులలోనే చూచియున్నారు. 1995లో మధ్యాహ్న భోజన పథకము వచ్చినను, పెక్కు రాష్ట్రములు పిల్లలకు నెలకు 3 కిలోల ధాన్యమిచ్చి ఊరకుండెను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టవలెనని ఆదేశించినది. 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ బడులలో పొయ్యి వెలిగినది. ఇంట పొయ్యిగల పిల్లవానికే వండిపెట్టుట అవసరమైనప్పుడు, ఇల్లే లేనివాని మాట వేరుగా చెప్పవలెనా?

కడుపు నిండుట వేరు, దేహమునకు పుష్టి కలుగుట వేరు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ బేగంపేటకు దూరమున లేదు. బియ్యపు మాంసకృత్తులలోని లోపమును పప్పు తీర్చుననియు, ఆకుకూర, గ్రుడ్డు వంటివి తోడుగా ఉండవలెననియు పోషకాహార శాస్త్రము చెప్పుచున్నది. వండుకొన వీలులేనివానికి పప్పెక్కడిది, ఆకుకూర యెక్కడిది? టీ, బన్ను, మిరపకాయబజ్జీలతోనే అతని పూట గడచును. క్షయ వంటి రోగములు అట్టి దేహమునే సులువుగా లొంగదీయును.

నగరపాలక సంస్థ 2014లో ఆరంభించిన 5 రూపాయల భోజనము ఈ లోపమును కొంత తీర్చినది. ఆకలిగొన్నవానిని అక్కడ కార్డు అడుగరు, చిరునామా అడుగరు. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లన్న పేరుతో ఉదయపు ఫలహారమును చేర్చిరి. కాని పగలెల్ల పనిచేసి చీకటిపడిన తరువాత కాలిబాట చేరువాని రాత్రి ఆకలికి జవాబేది? 2020 లాక్‌డౌను దినములలో ఇదే నగరము రెండుపూటల ఉచితముగా అన్నము పెట్టినది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు రాత్రియు వడ్డించుచున్నవి. కనుక అసాధ్యమనుటకు వీలులేదు.

తేరగా పెట్టిన జనులు సోమరులగుదురని కొందరందురు. కాలిబాటపై నిద్రించువారిలో కూలీలు, చెత్త యేరువారు, తమవారు విడిచిన వృద్ధులు ఎందరో కలరు. పస్తుతో లేచినవాడు మరునాడు బరువు మోయలేడు. అన్నమే అతని పనికి మూలధనము. దాతలు పండుగనాడు పంచు పులిహోర పుణ్యకార్యమే. మరునాటి ఆకలికి అది పూచీపడదు.

రాత్రి బసలలోను, 5 రూపాయల కేంద్రములలోను పప్పు, కూర, గ్రుడ్డుతో రాత్రి భోజనము పెట్టవలెను. అది ఏలినవారి దయపై గాక చట్టముపై నిలువవలెను; 2011లో వ్రాసి కొట్టివేసిన నిబంధనలను మరల వ్రాయవలెను. బడిలోని బిడ్డ విషయమున 2001లో నెగ్గిన న్యాయము, బడిగోడ వెలుపల నిద్రించువానికిని చెందవలసియున్నది.