ఆలస్య రుసుము ఎవరు కట్టాలి?

విశ్వవిద్యాలయాల్లో కులవివక్ష అనగానే మనకు స్ఫురించే దృశ్యాలు కొన్ని ఉన్నాయి. తరగతి గదిలో అధ్యాపకుడు విసిరిన మాట, మౌఖిక పరీక్షలో వేసిన ఒకటో రెండో మార్కులు, హాస్టల్ గది తలుపు మీది రాత. ఇవేవీ కల్పితాలు కావు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని పరిస్థితిపై థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. జేఎన్‌యూ మౌఖిక పరీక్షల మార్కుల్లో సామాజిక వర్గాల మధ్య కనబడే తేడాలను నఫే కమిటీ 2016లో లెక్కలతో సహా చూపింది. హైదరాబాద్ లోని ఒక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతూ నేను గమనించిన విషయం మరొకటి ఉంది. దళిత విద్యార్థి దినచర్యను అన్నిటికంటే ఎక్కువగా శాసించేది, అయినా ఏ ఫిర్యాదు పత్రంలోనూ చోటు దొరకనిది, ఉపకారవేతనం సకాలంలో రాకపోవడం. దీన్ని మనం పరిపాలనా లోపమనో, నిధుల కొరత అనో పిలిచి ఊరుకుంటున్నాం. కులం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఆ జాబితాలో చేర్చడం లేదు. చేర్చాలన్నదే నా వాదన.

పరీక్షల విభాగం ప్రతి సెమిస్టర్‌లో గోడకు అంటించే నోటీసును చూడండి. రుసుము లేకుండా ఫీజు చెల్లించడానికి ఫలానా తేదీ, ఆలస్య రుసుముతో ఫలానా తేదీ, అంతకు రెట్టింపు రుసుముతో ఫలానా తేదీ అని అందులో ఉంటుంది. ఆ తర్వాత హాల్‌టికెట్ రాదు. ఇప్పుడు ఉపకారవేతనం ప్రయాణాన్ని చూడండి. విద్యార్థి మీసేవలో కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం తెచ్చుకొని ఈపాస్‌లో దరఖాస్తు చేస్తాడు. వేలిముద్ర వేస్తాడు. కాగితాలు కళాశాల కార్యాలయానికి, అక్కడి నుంచి సంక్షేమ శాఖకు వెళ్తాయి. బిల్లు తయారై ఖజానాకు చేరుతుంది. అక్కడ ఆగుతుంది. ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పే తేదీ ఏ నోటీసులోనూ ఉండదు. కేంద్రం 2021 మార్గదర్శకాల్లో తన 60 శాతం వాటాను ఎస్సీ విద్యార్థి ఖాతాలో నేరుగా జమ చేస్తానని చెప్పింది గానీ, రాష్ట్రం తన 40 శాతం విడుదల చేసిన తర్వాతే అని షరతు పెట్టింది. రాష్ట్రం ఆగితే కేంద్రం కూడా ఆగుతుంది. విద్యార్థి ఒక్కరోజు ఆలస్యమైతే రుసుము కట్టాలి. ప్రభుత్వం ఏడాది ఆలస్యమైనా దాని మీద ఒక్క రూపాయి వడ్డీ పడదు. సాధారణ వ్యాపార ఒప్పందంలో కూడా ఇంత ఏకపక్షపు నిబంధనకు ఎవరూ సంతకం చేయరు.

ఈ మధ్యకాలంలో విద్యార్థి ఏం తింటాడన్నది చిన్న ప్రశ్న కాదు. మెస్ బకాయి రెండు మూడు నెలలు దాటితే పేరు నోటీసు బోర్డుకెక్కుతుంది. ఒకరి ప్లేటులో ఇద్దరు తినడం మొదలవుతుంది. ఉస్మానియా హాస్టళ్ల చరిత్రను ఎవరైనా నిజాయితీగా రాస్తే అందులో నాన్‌బోర్డర్‌కు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రిజిస్టర్‌లో పేరు ఉండదు, స్నేహితుడి గదిలో నేల మీద పక్క ఉంటుంది, స్నేహితుడి ఖాతాలో అన్నం ఉంటుంది. అధికారుల దృష్టిలో అతను అక్రమ నివాసి. నా దృష్టిలో మాత్రం ప్రభుత్వం చేయవలసిన పనిని ఆ గదిలోని మిత్రుడు చేస్తున్నాడు. అతనికీ ఉపకారవేతనం రాలేదన్నది వేరే సంగతి.

తిండి సర్దుబాటైనా మిగిలినవి ఉంటాయి. జిరాక్సులు, ప్రాజెక్టు రికార్డులు, పోటీ పరీక్షల దరఖాస్తు రుసుములు, చెల్లెలి కాలేజీ ఖర్చు. నా విద్యార్థుల్లో కొందరు రాత్రి పదకొండు దాటేదాకా బైకు మీద స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు అందించి వచ్చి పొద్దున తొమ్మిదింటి తరగతికి కూర్చుంటారు. కూర్చోలేని రోజులూ ఉంటాయి. ఇక్కడొక విచిత్రమైన చిక్కుముడి ఉంది. ఉపకారవేతనం అందాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అది రానందువల్ల రాత్రి పనికి వెళ్లినవాడు పొద్దున తరగతికి రాలేడు. తరగతికి రానందువల్ల హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గినందువల్ల వచ్చేది కూడా ఆగిపోతుంది. అప్పుడు అధ్యాపకుల గదిలో ఒక వ్యాఖ్య వినిపిస్తుంది: "వీళ్లకు ప్రభుత్వం అన్నీ ఇస్తున్నా చదువు మీద శ్రద్ధ ఉండదండీ." ఈ మాట అన్నవారిలో చాలామందికి నెల మొదటి తారీఖున జీతం పడకపోతే మధ్యాహ్నానికల్లా సంఘం సమావేశం పెట్టే అలవాటు ఉంది.

అమ్మాయిల విషయంలో ఆలస్యానికి మరో వెల ఉంటుంది. రాత్రి డెలివరీ పనులు వారికి అందుబాటులో ఉండవు, స్నేహితురాలి గదిలో నెలల తరబడి ఉండనివ్వరు. బకాయి పెరిగితే ఇంటికి కబురు వెళ్తుంది. ఇంట్లో అప్పటికే పెళ్లి మాట నడుస్తూ ఉంటుంది.

ఇక బకాయిలన్నీ ఒక్కసారిగా పడిన రోజు గురించి కూడా చెప్పాలి. పద్నాలుగు నెలల మొత్తం ఒకేరోజు ఖాతాలో జమ అవుతుంది. అందులో ముప్పాతిక భాగం సాయంత్రానికే అప్పులకు వెళ్తుంది. మిగిలినదానితో ఒకడు ఫోను కొంటాడు. ఆ ఫోనును క్యాంపస్‌లో ఏమని పిలుస్తారో పాఠకులు ఊహించగలరు. పద్నాలుగు నెలల ఆకలి ఎవరికీ కనిపించలేదు, ఒక్క సాయంత్రపు ఫోను అందరికీ కనిపించింది.

పరిశోధక విద్యార్థుల దగ్గరికి వస్తే ఆలస్యం మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. వినడానికి ఘనంగా ఉంటుంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరిన పరిశోధకుడికి ఇచ్చే 8,000 రూపాయలు దశాబ్దం దాటినా మారలేదు. మొత్తం ఎంతైనా, అది ఊరకే రాదు. పర్యవేక్షకుడు హాజరును ధ్రువీకరించాలి, విభాగాధిపతి సంతకం పెట్టాలి, కార్యాలయం ఆ నెల వివరాలను పోర్టల్‌లో నమోదు చేసి ఖరారు చేయాలి. ఈ గొలుసులో ఏ ఒక్కరు ఊరెళ్లినా, అలిగినా ఆ నెల గడిచిపోతుంది. అడగబోతే "మేమేమన్నా ఆపామా, పైనుంచి రాలేదు" అంటారు. అది నిజమైన నెలలూ ఉంటాయి, నిజం కాని నెలలూ ఉంటాయి. రెంటికీ తేడా విద్యార్థికి తెలిసే మార్గం లేదు. అటువంటప్పుడు పర్యవేక్షకుడి మీద వివక్ష ఫిర్యాదు చేయమని మనం ఏ ముఖంతో సలహా ఇవ్వగలం? తన నెల తిండికి సంతకం పెట్టే చేతి మీద కేసు పెట్టడం ఎంతమందికి సాధ్యం? సమాన అవకాశాల విభాగాలకు ఫిర్యాదులు తక్కువ వస్తున్నాయి కాబట్టి వివక్ష తక్కువగా ఉందని వార్షిక నివేదికల్లో రాసుకొనేవారు ఈ సంతకాల గొలుసును ఒకసారి పరిశీలించాలి.

రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. ఆ మరణం గురించి పదేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. సస్పెన్షన్, కేంద్ర మంత్రిత్వ శాఖ లేఖలు, వెలివాడ, ఆ తర్వాత కుల ధ్రువీకరణ మీద నడిపించిన వివాదం అన్నీ చర్చకు వచ్చాయి. ఆయన చివరి లేఖలోని నక్షత్రాల గురించి ఎన్నో కవితలు వచ్చాయి. ఆ లేఖలోనే ఒక లెక్క ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని, అది లక్షా డెబ్బై ఐదు వేలని, దాన్ని తన కుటుంబానికి చేరేలా చూడమని, అందులోంచి ఒక మిత్రుడి అప్పు తీర్చమని కోరాడు. లేఖలో ఎక్కువగా ఉటంకింపునకు నోచుకోని భాగం ఇదే. నాకు మాత్రం ఆ లేఖలో మళ్లీ మళ్లీ కళ్లు ఆగే చోటు అదే. తన ప్రతిభతో గెలుచుకున్న సొమ్మును ఒక పరిశోధకుడు తన మరణానంతర కోరికగా అడగవలసి వచ్చిందంటే, ఆ ఏడు నెలలు అతను ఎలా బతికాడో విశ్వవిద్యాలయంలోని ప్రతి హాస్టల్ విద్యార్థికీ తెలుసు.

ఆలస్యం ఒక మనిషి జీవితకాలంలోంచి ఎంత తీసుకుంటుందో అంబేడ్కర్ చరిత్ర చెబుతుంది. బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనం గడువు ముగియడంతో 1917లో ఆయన లండన్ చదువును మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. సిడెన్‌హామ్ కళాశాలలో బోధించి కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, ఒక పార్సీ మిత్రుడు ఇచ్చిన అప్పు కలిపితే గానీ 1920లో మళ్లీ ఓడ ఎక్కలేకపోయారు. డీఎస్సీ పట్టా 1923లో వచ్చింది. మధ్యలో పోయిన మూడేళ్లను ఏ సంస్థానమూ తిరిగి ఇవ్వలేదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం 1944లో ప్రారంభమైనప్పుడు ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. ఆయన పేరు మీద మనం విదేశీ విద్యా పథకాలు నడుపుతున్నాం. కేంద్రం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే జాతీయ విదేశీ ఉపకారవేతనానికి 2025లో 106 మందిని ఎంపిక చేసి, తొలుత 40 మందికే పత్రాలు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధుల లభ్యతను బట్టి చూస్తామన్నారు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం తేదీలు మన ఖజానా కోసం ఆగవు.

దీనికి ఒక ఆక్షేపణ ఎప్పుడూ వినిపిస్తుంది. బకాయిలు బీసీలకూ ఉన్నాయి, ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల పిల్లలకూ ఉన్నాయి, ప్రైవేటు యాజమాన్యాలే 2025 నవంబరులో కళాశాలలు మూసి వీధికెక్కాయి కదా, ఇందులో కులం ఎక్కడుందని. బకాయిలు అందరికీ ఉన్న మాట నిజం. బీసీ విద్యార్థి, ముఖ్యంగా సంచార, సేవా కులాల విద్యార్థి అనుభవం దళిత విద్యార్థి అనుభవానికి ఎంతో దగ్గర. నేను అడిగేది ఒక్కటే. డబ్బు రాని ఆరు నెలలూ ఆ విద్యార్థి వెనక ఎవరు నిలబడతారు?

ఈ ప్రశ్నకు ఈ నగరానికే ఒక చరిత్ర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ కూడా వెలిసింది. తర్వాతి కాలంలో నగర కొత్వాల్ అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి ప్రాణం పోశారు. పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి సీటు కంటే ముందు పూటకింత అన్నం, పడుకోవడానికి చోటు కావాలని ఆ పెద్దలు గ్రహించారు. తెలంగాణ రాజకీయాలను, సాహిత్యాన్ని నడిపిన ఎందరో ఆ హాస్టల్‌లో తిని చదివారు. అది మంచి పని. మిగిలిన కులాల పేరు మీదా నగరంలో వసతి గృహాలు వచ్చాయి. వాటి వెనక భూములున్నాయి, చందాలివ్వగల చేతులున్నాయి. అదే కాలంలో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల పిల్లలకు పాఠశాలలు నడిపారు. ఆయన వెనక జాగీర్లు లేవు. ఈనాటికీ అంతే. ఫీజు ఆగిన నెలలో పొలం కౌలు డబ్బో, అమెరికాలోని మేనమామో, కులసంఘం నిధో ఆదుకొనే పిల్లవాడికి ఆలస్యం ఒక అసౌకర్యం. దళిత విద్యార్థికి ఉన్న ఏకైక కులసంఘం, మేనమామ, పొలం అన్నీ ఆ ఉపకారవేతనమే. ఒకే ఆలస్యం ఇద్దరి మీద ఒకేలా పడదు. ఆ తేడాను నిర్ణయించింది తరాల ఆస్తి, ఆస్తిని నిర్ణయించింది కులం.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెన అన్నారు, తల్లుల ఖాతాల్లో వేశారు, మళ్లీ పాత పద్ధతి అన్నారు. తెలంగాణలో ఎన్నికల సభల్లో బకాయిల మొత్తం వినిపించినంతగా బడ్జెట్ విడుదల ఉత్తర్వుల్లో వినిపించదు. పేర్ల గురించి నాకు పట్టింపు లేదు. చెల్లింపునకు చట్టబద్ధమైన తేదీ కావాలి. ఆ తేదీ దాటితే వడ్డీ కావాలి, ఆ వడ్డీ విద్యార్థి ఖాతాలోనే పడాలి. ఉపాధి హామీ చట్టంలో కూలీ డబ్బు పదిహేను రోజులు దాటితే పరిహారం ఇవ్వాలని నిబంధన పెట్టుకున్న దేశమిది. అది సరిగా అమలు కాలేదని నాకు తెలుసు. అయినా నిబంధన ఉంటే కనీసం ఎవరిది తప్పో కాగితం మీద తేలుతుంది.

ఖజానా సంగతి ప్రభుత్వం చూసేలోగా విశ్వవిద్యాలయాలు తమ చేతిలో ఉన్నవి చేయవచ్చు. అసలు ధ్రువపత్రాలను సంస్థలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా బకాయి తీరేదాకా టీసీ ఇవ్వని కార్యాలయాలు మన చుట్టూ ఉన్నాయి. ఉద్యోగానికి ఎంపికైన విద్యార్థి ధ్రువపత్రాల పరిశీలన రోజుకు వాటి కోసం అప్పు చేసి బకాయి కట్టడం నేను ఏటా చూస్తున్నాను. ఫెలోషిప్ ధ్రువీకరణను పర్యవేక్షకుడు నిర్ణీత రోజుల్లో పంపకపోతే అది ఆమోదించినట్టే లెక్కగట్టాలి. ఇక పరీక్ష ఫీజు నోటీసులో ఒక్క వాక్యం చేర్చితే చాలు: ఉపకారవేతనం మంజూరై విడుదల కాని విద్యార్థులకు ఆలస్య రుసుము వర్తించదు, హాల్‌టికెట్ ఆపబడదు. దీనికి జీవో అక్కరలేదు, కేంద్రం వాటా కోసం ఎదురుచూడనక్కరలేదు. పాలకమండలి ఒక సమావేశంలో తీర్మానిస్తే వచ్చే సెమిస్టర్ నోటీసులోనే ఆ వాక్యాన్ని అచ్చు వేయవచ్చు.