ఆఖరి ఓడ వెళ్లాక...

ఇంట్లో ఉప్పు నిండుకుంటే వీధి చివరి కొట్టుకు పరిగెడతాం. ఒంట్లో నలతగా ఉంటే ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికెళతాం. ఆ కొట్టూ, ఆ ఆటో... రెండూ లేనిచోట ఏడాదిపాటు ఉండాల్సివస్తే? అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రాల్లో అడుగుపెట్టేవాళ్లు సిద్ధపడేది అందుకే.

మనవాళ్లు ఆ మంచు ఖండం మీద తొలిసారి కాలుమోపింది 1982 జనవరిలో. తర్వాత కట్టిన 'దక్షిణ గంగోత్రి' మంచులో కూరుకుపోవడంతో 1990లో దాన్ని వదిలేశారు. ఆలోపే 1989లో 'మైత్రి' సిద్ధమైంది. 2012లో దానికి సుమారు మూడువేల కిలోమీటర్ల దూరంలో 'భారతి' మొదలైంది. 134 కంటెయినర్లను పేర్చి కట్టిన భవనమది!

భారతికీ మన షాద్‌నగర్‌కీ ఓ బంధం ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు రోజుకు దాదాపు 14సార్లు భూమిని చుట్టొస్తాయి. షాద్‌నగర్ యాంటెన్నాలకు అందేది వాటిలో కొన్ని చుట్లే. అదే ధ్రువానికి దగ్గరగా ఉంటే చాలావరకు చిక్కుతాయి. అందుకే ఇస్రో భారతిలోనూ యాంటెన్నా పెట్టింది. ఆ పనిమీదే హైదరాబాద్ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన మంగళా మణి 2016 నవంబరులో అక్కడికి వెళ్లారు. అప్పటికామె వయసు యాభై దాటింది. అంతకుముందు మంచు కురవడమే చూడలేదు. 23మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ.

ఎంపికైనంత మాత్రాన ప్రయాణం ఖాయమైనట్టు కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలుంటాయి. ఆపైన ఉత్తరాఖండ్ కొండల్లో బరువైన సంచులు వీపున వేసుకుని మంచులో నడవాలి. ఇంత పట్టింపు ఎందుకంటే... వెళ్లాక 'నావల్ల కాదు, ఇంటికెళ్తా' అంటే కుదరదు కాబట్టి.

కొత్తగా దిగినవాళ్లను మొదట తికమకపెట్టేది చలికంటే సూర్యుడు. నడి వేసవిలో అసలు అస్తమించడు. అర్ధరాత్రయినా ఎండ కాస్తుంటే నిద్రెలా పడుతుంది? కిటికీకి మందపాటి తెర కట్టి, గడియారం చూసి పడుకోవాలి. పగలంతా చాకిరీ. ఓడలో వచ్చిన డీజిలూ బియ్యం పప్పులూ మందులూ అన్నీ ఆ కొద్దివారాల్లోనే దించుకోవాలి. శాస్త్రవేత్తా వంటవాడూ అన్న తేడా ఉండదు. అందరూ మోయాల్సిందే.

వేసవి ముగిసేలోగా ఆఖరి ఓడ వెళ్లిపోతుంది. సముద్రం గడ్డకడుతుంది. అక్కణ్నుంచి నెలల తరబడి మనిషి రాడు, పోడు. ఉన్న డాక్టరే దిక్కు. మరి ఆ డాక్టరుకే జబ్బు చేస్తే? 1961 ఏప్రిల్లో అదే జరిగింది. ఇప్పటి మైత్రికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని రష్యన్ కేంద్రంలో లియోనిద్ రొగొజోవ్ అనే యువ వైద్యుడికి అపెండిసైటిస్ వచ్చింది. మరో డాక్టరు లేడు. తోటివాళ్లు అద్దం పట్టుకుంటే తన కడుపు తానే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు. బతికాడు కూడా!

అందుకే అక్కడ చిన్న నియమమూ ప్రాణంతో సమానం. ఒంటరిగా బయటికి వెళ్లకూడదు. వెళ్లేముందు చెప్పాలి. రెండుమూడు గంటలు దాటకుండా తిరిగొచ్చి ఒళ్లు వెచ్చబరచుకోవాలి. గాలిలో తేమ ఉండదు కాబట్టి నిప్పంటే మరీ భయం.

ఇక మే చివరినుంచి జులై మధ్యదాకా భారతిలో సూర్యుడు కనిపించడు. అసలు పరీక్ష అప్పుడే. చూసిన మొహాలే చూడాలి. కూర బాగాలేదన్న మాటే పెద్ద గొడవ కావచ్చు. ఎవరైనా గదిలోంచి రావడం మానేస్తే మిగతావాళ్లు తలుపు తడతారు. అందరూ కలిసి తినడం, పండగలు చేసుకోవడం అక్కడ సరదా కాదు, అవసరం. జూన్ 21న అన్ని దేశాల కేంద్రాలూ ఒకదానికొకటి శుభాకాంక్షలు పంపుకుంటాయి. చీకటి సగం గడిచిందన్నమాట!

మంగళా మణి ఆ మంచులో 403 రోజులున్నారు. గడువు తీరి బయల్దేరేవాళ్లు చెత్త కూడా అక్కడ వదిలిపెట్టరు. మూటకట్టి ఓడలోకి ఎక్కించాల్సిందే. ఆ పని సాగుతుండగానే కొత్త బృందం దిగుతుంది... అర్ధరాత్రి ఎండలో, నిద్రలేని కళ్లతో.