ప్రతిభ ఉంటే ఎంత మాటైనా చెల్లుతుందా?

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన 'రెట్రో' సినిమా వేడుకలో నటుడు విజయ్ దేవరకొండ పహల్గాం ఉగ్రదాడి గురించి మాట్లాడారు. బుద్ధి లేని కొట్లాటకు పోలికగా ఐదొందల ఏళ్లనాటి గిరిజనులను తెచ్చారు. గిరిజన సంఘాలు మండిపడ్డాక ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదంటూ సోషల్ మీడియా పోస్టులో విచారం తెలిపారు. జూన్‌లో రాయదుర్గం పోలీసులు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదు చేశారు. అది కోర్టు తేల్చాల్సిన విషయం. మా అభ్యంతరమల్లా ఇలాంటప్పుడు వినిపించే "గొప్ప కళాకారుడు, పోనివ్వండి" అన్న వాదన మీదే.

ఫ్యాషన్ రంగంలోనూ ఇదే చూశాం: యూదులను దూషించిన డిజైనర్ జాన్ గలియానోను 2011లో డియోర్ సంస్థ తొలగించింది, పారిస్ కోర్టు దోషిగా తేల్చింది. అయినా 2014లోనే మరో ఫ్యాషన్ సంస్థ మార్జియెలా ఆయనకు పగ్గాలు అప్పగించింది. చేతిలో విద్య ఉంటే ద్వారాలు ఎంత త్వరగా తెరుచుకుంటాయో!

ఇక్కడి ప్రతిభ మాటేమిటి? మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య, ఏ పుస్తకమూ చూడకుండా సమ్మక్క సారలమ్మల కథను గొంతెత్తి పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. సమ్మక్క సారలమ్మలు కాకతీయ సేనను ఎదిరించిన ఆ పోరు బుద్ధి లేని కొట్లాట కాదు, బతుకు కోసం చేసిన యుద్ధం. భద్రాచలం ఏజెన్సీ పిల్లల ఫోన్లలోకీ హీరోల మాటలు చేరతాయి. విచారం ఒక పోస్టుతో సరిపోదు. విజయ్ దేవరకొండ భద్రాచలం వచ్చి, కోయ పెద్దల ముందు కూర్చుని, వాళ్లు చెప్పేది వినాలి.