హీలియం కొరత: స్కానింగ్‌కా, చిప్‌లకా... ముందు ఎవరికి?

పుట్టినరోజు ఫంక్షన్‌లో దారం వదిలితే పైకి ఎగిరిపోయే బెలూన్ అందరూ చూసిందే. అందులో నింపే హీలియం గ్యాసే ఆస్పత్రిలో ఎమ్మారై స్కానింగ్ మిషన్‌కు ప్రాణం. సెల్‌ఫోన్, కంప్యూటర్ చిప్‌ల తయారీకి, రాకెట్ ప్రయోగాలకు కూడా అదే కావాలి. ఇన్ని పనులకు అవసరమైన గ్యాస్ మాత్రం కొద్ది దేశాల చేతుల్లోనే ఉంది. అందుకే కొరత వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఉన్నది అందరికీ చాలకపోతే ముందు ఎవరికివ్వాలి?

ఎమ్మారై మిషన్ అంటే ఒక పెద్ద అయస్కాంతం. దాని తీగచుట్టల్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారాలంటే అవి మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండాలి. అంత చలిలో మిగతా వాయువులన్నీ గడ్డకట్టిపోతాయి. ద్రవంగా ఉండేది హీలియం ఒక్కటే. అందుకే దానికి ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. మామూలు మిషన్‌లో 1,500 నుంచి 2,000 లీటర్ల దాకా ద్రవ హీలియం ఉంటుంది. చిప్ ఫ్యాక్టరీల్లో సిలికాన్ పలకలను చల్లబరచడానికి, లీకేజీలు కనిపెట్టడానికి దీన్ని వాడతారు. రాకెట్లలో ఇంధన ట్యాంకుల ఒత్తిడి నిలబెట్టేది కూడా ఇదే.

ఈ గ్యాస్ కథలో గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే పరిశీలించారు. ఆ ఏడాది జరిగిన సూర్యకాంతి పరిశీలనల్లోనే హీలియం ఆచూకీ దొరికింది. భూమిలో మాత్రం ఇది యురేనియం, థోరియం క్షీణించే కొద్దీ కోట్ల ఏళ్లలో పుడుతుంది. సహజవాయువుతో కలిసి బయటికొస్తుంది. అప్పుడు వేరుచేసి పట్టుకోకపోతే గాలిలో కలిసి, చివరికి అంతరిక్షంలోకి పోతుంది.

ప్రపంచానికి హీలియం ఇచ్చే పెద్ద దేశాలు అమెరికా, ఖతర్. వాటి తర్వాత అల్జీరియా, రష్యా. ఖతర్ అంటే ఎన్నో తెలుగు ముస్లిం కుటుంబాలకు ఉద్యోగాల దేశం. హీలియం మార్కెట్‌కు అది దాదాపు మూడో వంతు సరుకిచ్చే దేశం. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ సహా పొరుగు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సౌదీ భూమార్గం మూతపడింది. దాంతో ఖతర్ తన రెండు హీలియం ప్లాంట్లనూ ఆపాల్సి వచ్చింది. గ్యాస్ లేక కాదు, దారి లేక. ద్రవ హీలియాన్ని కంటైనర్లలో ఎక్కువ కాలం నిలవ ఉంచలేరు, నెమ్మదిగా ఆవిరైపోతుంది. కొరత తీరుస్తుందని అందరూ ఆశపెట్టుకున్న రష్యా ఆమూర్ ప్లాంట్‌లోనూ 2021 అక్టోబర్‌లో అగ్నిప్రమాదం, 2022 జనవరిలో పేలుడు జరిగాయి. ఇక అమెరికా 1925లో మొదలుపెట్టిన ప్రభుత్వ నిల్వ వ్యవస్థను 2024లో ప్రైవేటు కంపెనీకి అమ్మేసింది. కష్టకాలంలో ఆదుకునే ఆ సర్కారు ఖజానా ఇప్పుడు లేదు.

కొరత రాగానే సరఫరా కంపెనీలు కోటాలు పెడతాయి. ఆస్పత్రులకు సాధారణంగా మొదటి చోటు దొరుకుతుంది. దెబ్బ ముందు యూనివర్సిటీ ల్యాబ్‌ల మీద పడుతుంది. కానీ ఇది చాలావరకు కంపెనీల నిర్ణయమే. ఎంత ధరైనా పెట్టి కొనగల చిప్ కంపెనీ ఒకవైపు, చిన్న పట్టణంలో పాత మిషన్ నడిపే స్కానింగ్ సెంటర్ ఇంకోవైపు నిలబడితే బేరం సమానంగా ఉండదు. కొత్త మిషన్లలో గ్యాస్ పెద్దగా పోదు. 2018లో ఫిలిప్స్ కేవలం 7 లీటర్లతో నడిచే మిషన్ తెచ్చింది. పాత మిషన్లకే మళ్లీ మళ్లీ నింపాలి. ఆ ఖర్చు చివరికి చేరేది రోగి బిల్లులోకే.

బెలూన్లు ఆపేస్తే సరిపోతుందా? వాటికి పోయేది మొత్తం వాడకంలో కొద్ది భాగమే. అసలు ఆదా జరగాల్సింది పెద్ద వాడకందార్ల దగ్గర. వాడిన గ్యాస్‌ను పట్టి మళ్లీ వాడే ఏర్పాటు ఉంటే ల్యాబ్‌లు, ఫ్యాక్టరీలు చాలా మిగల్చగలవు. కాకపోతే ఆ పరికరాలకు ముందు డబ్బు పెట్టాలి.

భారత్ తన హీలియం దాదాపు అంతా దిగుమతి చేసుకుంటోంది. గుజరాత్‌లోని ధొలేరాలో చిప్ ఫ్యాక్టరీకి 2024లో కేంద్రం ఆమోదమిచ్చింది. అలాంటివి పెరిగితే గిరాకీ కూడా పెరుగుతుంది. ఫ్యాక్టరీలు వద్దని ఎవరూ అనరు. కానీ సబ్సిడీ ఇచ్చేటప్పుడే గ్యాస్‌ను తిరిగి వాడాలన్న షరతు పెట్టొచ్చు. కొరత కాలంలో ఆస్పత్రులకు ముందు ఇవ్వాలని రూలుగా రాసుకోవచ్చు. చిప్ ఆలస్యమైతే ఫోన్ నెల తర్వాత కొనుక్కోవచ్చు. మెదడులో గడ్డ ఉందేమోనని స్కానింగ్ కోసం ఎదురుచూసే మనిషికి ఆ నెల చాలా పెద్దది.