కొండమీద కూడిక



సమాధుల పండుగనాడు మనం కుటుంబమంతా వెళ్లి పెద్దల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాము. ఆ సమాధుల చుట్టూ ఉన్న కొండే ఒకనాటికి లేకుండా పోతే?

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ల్యారీ గిబ్సన్ అనే ఆయనకు అలాంటి కాలమే వచ్చింది. కేఫోర్డ్ కొండమీద ఆయన పూర్వీకుల భూమి సుమారు 50 ఎకరాలు, దగ్గరలోనే వారి సమాధులు. 1980ల్లో ఆ చుట్టుపట్ల కొండలను పేల్చి బొగ్గు తీయడం మొదలైంది. అక్కడ సొరంగం తవ్వరు. చెట్లు కొట్టి, మందుగుండు పెట్టి కొండ తలనే పేల్చేస్తారు. ఆ రాయీ మట్టీ పక్క లోయలో పోస్తారు. లోయలోని వాగు వాటి కింద పూడిపోతుంది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల దగ్గర మట్టిగుట్టలు చూసినవారు దీనిని కొంత ఊహించగలరు. అపలాచియా కొండల్లో ఇలా దాదాపు 2,000 మైళ్ల వాగులు పూడిపోయాయని ఆ దేశపు పర్యావరణ శాఖ లెక్క. ఒకప్పుడు చుట్టూ శిఖరాల నడుమ పల్లంలో ఉన్న గిబ్సన్ స్థలం, ఆ శిఖరాలు పోయాక ఎత్తయి నిలిచింది.

ఆయన భూమి అమ్మలేదు. నాబోతు మనకు గుర్తుకు వస్తాడు. కాని నాబోతు ఒంటరివాడు. గిబ్సన్ మాత్రం జనాన్ని పోగుచేశాడు. ఏటా జూలై 4 పండుగ రోజుల్లో అందరినీ కొండమీదికి పిలిచేవాడు. భోజనాలు, పాటలు అయ్యాక అంచు దాకా నడిపించి, తవ్విన నేలను చూపించేవాడు. 2005 వేసవిలో వెస్ట్ వర్జీనియా, కెంటకీ, టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాలవారు ఒక్కటై, దౌర్జన్యం లేకుండా దీనిని ఎదిరించాలని పూనుకొన్నారు.

అన్నిటికంటె కష్టమైనది పొరుగువాడి ముఖం చూడడమే. అతని ఇంట పొయ్యి వెలిగేది గని జీతంతోనే. ఉద్యమంలో ముందు నిలిచిన జూడీ బాండ్స్ కూడా గని కార్మికుని కూతురే. అయితే ఒక లెక్క చూడండి. 1940ల చివర ఆ రాష్ట్రపు గనుల్లో లక్షకు పైగా మంది పనిచేసేవారు. 2000 నాటికి 20,000 మంది కూడా లేరు. మనుషులు చేసిన పనిని యంత్రాలూ మందుగుండూ చేస్తున్నాయి. కొండా పోయింది, కూలీ పోయింది. ఈ మాట పొరుగువాడిని తిట్టి చెప్పలేము, పక్కన కూర్చుని చెప్పాలి.

ఫలితం ఏమిటంటారా? అక్కడ మార్ష్ ఫోర్క్ అనే చిన్నబడికి ఎగువన బొగ్గు బురదనీటి కట్ట ఉండేది. ఆ బడిలో చదివే మనుమరాలి కోసం ఒక తాత 2006లో 450 మైళ్లకు పైగా నడిచి వాషింగ్టన్ చేరాడు. 2013లో పిల్లలకు వేరేచోట కొత్తబడి తెరిచారు. బాండ్స్ 2011లో, గిబ్సన్ 2012లో కన్నుమూశారు. వారు ఆ బడిని చూడలేదు. పేలిన కొండలు తిరిగి రాలేదు. కాని పిల్లలు ఆ కట్ట కింద లేరు.

మన పల్లెలకూ ఇందులో ఒక పాఠమున్నది. గని రాబోయేముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 2006 నాటి నియమాల ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ 30 రోజులే మన కూడికకు సమయం. ప్రకటన చదవగలవారు చదివి వినిపించండి. బావులు, వాగులు, సమాధులు ఎక్కడున్నవో పెద్దలను అడిగి కాగితంమీద గీయండి. గనిలో పని దొరుకుతుందని ఆశపడే యువకుణ్ణి కూడా పిలవండి. అతని ప్రశ్నకు జవాబు లేని కూడిక సగం కూడికే.

బుల్‌డోజరు వచ్చాక పరుగెత్తడంకంటె, అది రాకముందే ఒక చాపమీద కూర్చోవడం మేలు.