బ్రతికినవారి మాట

1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. పెనుగాలికి లేచిన సముద్రము తీరగ్రామములపై విరుచుకొనిపడినది. ఆ తుపానులో కనీసము 10,000 మంది మరణించిరి. అవనిగడ్డ సమీపమున పులిగడ్డ యొద్ద వారి స్మారకస్తూపము కలదు.

స్తూపము మృతులను స్మరింపజేయును. బ్రతికినవారు ఎట్లు బ్రతికిరో చెప్పజాలదు. నీరు తొలుత ఏ దిక్కునుండి వచ్చినది? ఏ మిట్ట మునుగక నిలిచినది? ఏ చెట్టు పట్టుకొమ్మయైనది? గాలివాన వచ్చునని ముందే విన్నవారు ఇల్లేల విడువలేదు? పశువులను వదలలేకనా? ఏటేట వచ్చునదియే కదా యను ధీమాచేతనా? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ రాత్రిని గడపినవారే చెప్పవలయును.

వృద్ధుల జ్ఞాపకమునకు ప్రామాణ్యమేమని కొందరందురు. ఏండ్లు గడచినకొలది వేళలు తారుమారగును. అలల ఎత్తు పెరుగును. ఇది నిజమే. కాని అందువలన వినుట మానరాదు. పలువురి మాటలను వేరువేరుగా విని, ప్రభుత్వపు కాగితములతో సరిచూడవలయును. గాలి వేగమును యంత్రము కొలుచును. భయపడిన మనుష్యుడేమి చేసెనో యంత్రమెరుగదు.

ఈ పనికి జాగు తగదు. దివిసీమకు పొరుగుననున్న మచిలీపట్టణమును 1864 నవంబరు 1వ తేదీన ఇట్టి ఉప్పెనయే ముంచగా సుమారు 30,000 మంది నశించిరి. దానిని కన్నులార చూచినవారు నేడొక్కరును లేరు. 1977లో 10 ఏండ్ల బాలుడుగా నున్నవాడు ఇప్పుడు 60 ఏండ్లకు చేరువైనాడు. నాటి పెద్దలలో పలువురు గతించిరి.

కావున తీరగ్రామముల విద్యార్థులు ఉపాధ్యాయులతో గూడి పెద్దలకడకు పోవలయును. వారి యనుమతి గైకొని, వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాయవలయును; సొంత కల్పన చేర్చరాదు. చెప్పినవారి ఊరు, వయస్సు, విన్న తేదీ తప్పక గుర్తింపవలయును. వ్రాసినదానిని తిరిగి వారికి చదివి వినిపింపవలయును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మౌనము వహించినచో ఆ మౌనమును మన్నించి మరలి రావలయును. దుఃఖితులను వేధించి రాబట్టిన మాట విద్య కానేరదు.

ఇట్లు కూర్చిన ప్రతులు పాఠశాల గ్రంథాలయమున నుండదగినవి. మరియొకనాడు తుపాను హెచ్చరిక విని, ఇల్లు విడుచుటకు సందేహించువారు ఆ యూర నుందురు. వారికి అధికారి మాటకంటె తమ యూరి ముదుసలి మాట త్వరగా చెవికెక్కును.