బెల్టు లేని చోట హెల్మెట్

చిన్న విమానం నడిపే పైలట్‌కు హెల్మెట్ కావాలా? వాయుసేన శిక్షణ విమానాల్లో పెట్టుకుంటారు. పొలాలపై మందు చల్లే పైలట్లూ చాలా దేశాల్లో పెట్టుకుంటారు. ఫ్లయింగ్ క్లబ్ సెస్నాలో మాత్రం సాధారణంగా చెవులకు హెడ్‌సెట్టే. అయితే అక్కడ భుజాల మీదుగా బెల్టు ఉంటుంది. విమానం నేలకు గుద్దుకుంటే తల ప్యానెల్‌కు కొట్టుకోకుండా మొదట ఆపేది అదే. అమెరికాలో 1978 నుంచి కొత్త చిన్న విమానాల ముందు సీట్లకు దాన్ని తప్పనిసరి చేశారు. హెల్మెట్ ఆ తర్వాతి రక్షణ.

ఇదే లెక్కన సూరత్ రింగ్ రోడ్‌ను చూడండి. బట్టల మార్కెట్ల ముందు మూటల టెంపోలు, ఆటోలు, వాటి సందుల్లో బైకులు. తెలంగాణ నుంచి మగ్గం పనికి వలస వెళ్లిన కుటుంబాలకూ అది తెలిసిన రద్దీయే. బైకుకు బెల్టు లేదు, చుట్టూ రేకూ లేదు. ఉన్నదల్లా హెల్మెటే. దాన్నే 2019 డిసెంబర్‌లో గుజరాత్ ప్రభుత్వం నగరాల్లో ఐచ్ఛికం చేసింది. విమర్శలు వచ్చాక వెనక్కి తగ్గింది. సూరత్‌లో పోలీసులు 2025 ఫిబ్రవరిలో గట్టిగా అమలుకు దిగారు.

ఊళ్లో వేగమెంతని కొందరి వాదన. తల పగలడానికి వేగమే అక్కర్లేదు, తారురోడ్డు చాలు. లారెన్స్ ఆఫ్ అరేబియా 1935లో బైకు ప్రమాదంలో చనిపోయారు. ఆయనకు వైద్యం చేసినవారిలో ఒకరైన డాక్టర్ హ్యూ కెయిర్న్స్, సైనిక మోటార్‌సైక్లిస్టుల గాయాలను పరిశీలించి 1941లోనే హెల్మెట్ విలువ చాటారు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ వర్తిస్తుంది. పైలట్ హెల్మెట్‌పై చర్చించుకోవచ్చు. భార్యాబిడ్డలతో బైకెక్కేవారికి ఆ వెసులుబాటు లేదు.